ఎల్ఎల్ఆర్ నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా: కాగితాలు, ప్రాక్టీసు, ట్రాక్ టెస్టు

లైసెన్సు పనిలో మెట్లు రెండే. మొదటిది ఎల్ఎల్ఆర్, అంటే కంప్యూటర్ పరీక్ష పాసైతే బండి నేర్చుకోవడానికి ఇచ్చే అనుమతి. దాని గడువు ఆరు నెలలు. రెండోది డ్రైవింగ్ టెస్టు. ఎల్ఎల్ఆర్ వచ్చి కనీసం 30 రోజులు నిండాక, ఆ ఆరు నెలల గడువు దాటకముందే టెస్టు పాసవ్వాలి. గడువు దాటిపోతే ఫీజు, స్లాటు, కంప్యూటర్ పరీక్ష అన్నీ మళ్లీ మొదటి నుంచే.

చాలామంది ఈ 30 రోజులను ఊరికే ఎదురుచూసే రోజులు అనుకుంటారు. టెస్టుకు రెండు రోజుల ముందు ఎవరి కారో అడిగి తెచ్చుకుని, ట్రాక్ మీద రివర్స్ గేరు వేసేసరికి చేతులు తడబడతాయి. నిజానికి కాగితాల పని ఒక పూటలో అయిపోతుంది. పాస్, ఫెయిల్ తేలేది ఆ నెల రోజుల్లో బండితో ఎన్ని గంటలు గడిపారన్న దాని మీదే.

ఏ బండికి, ఏ వయసుకు

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారుకైనా గేర్ల బైకుకైనా 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకే లైసెన్సు ఇస్తారన్న మాట సగమే నిజం. అది 50 సీసీ దాటని బండికి మాత్రమే, అదీ తల్లిదండ్రుల సమ్మతితో. రోడ్డు మీద కనబడే స్కూటర్లన్నీ దాదాపు 110, 125 సీసీవే కాబట్టి 16 ఏళ్ల పిల్లల చేతిలో ఉన్న ఎల్ఎల్ఆర్ వాటికి పనికిరాదు. మైనరు బండి నడిపి దొరికితే చట్టంలోని 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్ఎల్ఆర్ కూడా ఇవ్వరు. ఇంట్లో తాళాలు గోడకు వేలాడదీసే అలవాటున్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

దరఖాస్తులో బండి రకం ఎంచుకునేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ప్రస్తుతం స్కూటరే ఉంది కదా అని గేర్లు లేని బండి రకానికి టిక్కు పెడతారు. రేపు బైకు కొంటే మళ్లీ ఎల్ఎల్ఆర్, మళ్లీ టెస్టు. గేర్లున్న మోటార్ సైకిల్ రకానికి పెట్టుకుంటే రెండూ నడపొచ్చు. కారు కోసం ఎంచుకోవాల్సింది ఎల్ఎంవీ, అంటే తేలికపాటి మోటారు వాహనం. బైకు, కారు రెండింటికీ ఒకే దరఖాస్తులో అడగడం మేలు, తిరుగుడు తగ్గుతుంది. ఫీజు మాత్రం ఒక్కో రకానికి విడిగా పడుతుంది.

కేంద్ర నిబంధనల్లోని ఫీజులివి: ఎల్ఎల్ఆర్‌కు ఒక్కో రకానికి 150 రూపాయలు, కంప్యూటర్ పరీక్షకు 50, డ్రైవింగ్ టెస్టుకు ఒక్కో రకానికి 300, లైసెన్సు జారీకి 200. వీటిమీద రాష్ట్రాలు సర్వీసు చార్జీ వేసుకుంటాయి. చెల్లింపు ఆన్‌లైన్‌లోనే. ఆఫీసు గేటు బయట ఎవరైనా దీనికి నాలుగైదు రెట్లు చెబితే, మిగతాదంతా ఆయన కమీషనే. ఆ డబ్బుతో డ్రైవింగ్ స్కూల్లో ఇంకో నాలుగు క్లాసులు తీసుకోవచ్చు.

దరఖాస్తుకు ముందు చూసుకోవాల్సినవి

ఆధార్, వయసు రుజువు, చిరునామా రుజువు. వయసుకు పదో తరగతి మెమో ఎక్కువమంది ఇస్తారు. చిక్కంతా ఇక్కడే. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా వెనకాముందై ఉంటుంది. పుట్టిన తేదీ రెండింటిలో వేర్వేరుగా ఉన్నా పని ఆగిపోతుంది. ముందు ఆధార్ సరిచేయించుకుని ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. లైసెన్సు మీద తప్పు పేరు ఎక్కాక దాన్ని మార్చుకోవడం ఇంకా పెద్ద పని. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు మీ దగ్గరే ఉండాలి, ఓటీపీలు దానికే వస్తాయి. బ్లడ్ గ్రూపు తెలుసుకుని పెట్టుకోండి, ఫారంలో అడుగుతారు.

ఫారం 1 అంటే ఆరోగ్యం గురించి మీరు స్వయంగా ఇచ్చే హామీ. అందులో ఒక ప్రశ్న ఉంది: పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అని. ఎక్కువమంది ఆలోచించకుండా అవునని పెడతారు. ఒకసారి నిజంగానే వీధిలో 35 అంగలు వెనక్కి నడిచి చదివి చూడండి. అక్షరాలు అలుక్కుపోయినట్టుంటే ముందు కళ్లద్దాల సంగతి చూడాలి. అద్దాలతో చదవగలిగితే చాలు, నిబంధన ఒప్పుకుంటుంది. మూర్ఛ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం లాంటివి ఉంటే దాచకూడదు. వర్ణాంధత్వం కొద్దిపాటిగానో మధ్యస్థంగానో ఉన్నవారికి 2020 సవరణ తర్వాత దారి తెరుచుకుంది, డాక్టరు ధ్రువీకరణ ఉంటే చాలు. 40 ఏళ్లు దాటినవాళ్లు ఫారం 1ఎ మీద రిజిస్టర్డ్ డాక్టరు చేత సంతకం, ముద్ర వేయించుకుని తేవాలి.

కంప్యూటర్ పరీక్ష

రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాటు బుక్ చేసుకుని వెళ్తే ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. కొన్ని రాష్ట్రాల్లో ఆధార్ ధ్రువీకరణతో ఇంటి నుంచే రాసే వీలుంది. ప్రశ్నలు తెలుగులో ఎంచుకోవచ్చు. 60 శాతం సరైతే పాస్. నిబంధనలు చెప్పే అంశాలు నాలుగు: ట్రాఫిక్ గుర్తులూ రోడ్డు నియమాలూ, ప్రమాదం జరిగితే డ్రైవరు బాధ్యతలు, కాపలా లేని రైల్వే గేటు దగ్గర జాగ్రత్తలు, బండిలో ఉండాల్సిన కాగితాలు.

గుర్తులను ఒక్కొక్కటిగా బట్టీ పట్టక్కర్లేదు. ఆకారం తెలిస్తే సగం పని అయిపోతుంది. ఎర్ర అంచుతో గుండ్రంగా ఉంటే నిషేధమో పరిమితో, పాటించి తీరాలి. త్రికోణం ముందున్న ప్రమాదాన్ని చెబుతుంది. నలుచదరపు నీలం పలక సమాచారం. రెండు మినహాయింపులున్నాయి: ఆగు అనే గుర్తు ఎనిమిది భుజాలతో ఉంటుంది, దారి ఇవ్వు అనేది తలకిందుల త్రికోణం. ఈ రెంటికీ ప్రత్యేక ఆకారాలు ఎందుకంటే దుమ్ము పట్టినా, వెనక నుంచి చూసినా పోల్చుకోగలగాలి.

తడబడే ప్రశ్నలు కొన్ని. కాపలా లేని రైల్వే గేటు దగ్గర హారన్ కొట్టి మెల్లగా దాటడం తప్పు జవాబు. బండి ఆపి, బండిలోని ఒకరు దిగి పట్టాల దాకా నడిచి, రైలు రావడం లేదని చూశాకే దాటాలి. తోడెవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. ప్రమాదం జరిగితే ముందు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. మద్యం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఘాట్ రోడ్డు ఇరుకైన చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఎక్కుతూ ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం కదా, అందుకు. రౌండెబౌట్‌లో, అంటే గుండ్రటి కూడలిలో, కుడివైపు నుంచి వచ్చే బండిది ముందు హక్కు.

ఎల్ఎల్ఆర్‌తో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

ఎల్ఎల్ఆర్ అంటే చిన్న లైసెన్సు కాదు. నేర్చుకోవడానికి షరతులతో ఇచ్చిన అనుమతి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో మూడో నియమం ఆ షరతులు చెబుతుంది. పక్కన లైసెన్సు ఉన్న మనిషి, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి: తెల్లటి మీద ఎర్ర అక్షరం, పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు, మందం 2, అడుగున వెడల్పు 9. ఎర్ర టేపు ముక్కలు రెండు అద్దానికి అంటించినంత మాత్రాన ఎల్ బోర్డు అయిపోదు. బైకు మీదైతే నేర్పే మనిషి తప్ప వెనక ఇంకెవరూ కూర్చోకూడదు.

ఎల్ఎల్ఆర్ ఉంది కదా అని రోజూ ఒంటరిగా ఆఫీసుకు బైకు మీద వెళ్లేవాళ్లు కోకొల్లలు. చలానా సంగతి అటుంచి, మీ ఇన్సూరెన్సు పాలసీ తీసి డ్రైవరు గురించిన పేరా చదవండి. ఎల్ఎల్ఆర్ ఉన్న మనిషి మూడో నియమాన్ని పాటిస్తూ నడిపితేనే అని స్పష్టంగా రాసి ఉంటుంది. పక్కన ఎవరూ లేకుండా నడుపుతూ ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ ఆ వాక్యాన్నే చూపిస్తుంది. పరిహారం భారం మీ నెత్తిన పడే ప్రమాదం ఉంది.

ప్రాక్టీసు: దేనికి ఎంత సమయం

మొదటి వారం రోడ్డెక్కొద్దు. ఖాళీ మైదానంలో క్లచ్ మీద పట్టు తెచ్చుకోవాలి. కారు స్టార్ట్ చేసి, ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ సన్నగా పైకి లేచినట్టుంటుంది. అదే హాఫ్ క్లచ్. పాదం అక్కడ ఆపి మూడు లెక్కపెట్టి మళ్లీ తొక్కండి. మడమ నేలకు ఆనించి, కదలిక పాదంతోనే చేయాలి. మోకాలు మొత్తం లేపి వదిలితే బండి గెంతి ఆగిపోతుంది. వరసగా పది సార్లు ఇంజిన్ ఆగకుండా కదిలించగలిగేదాకా ఇదే పని.

తర్వాత రివర్స్. నేర్చుకునేవాళ్లు ముందుకు వెళ్లడానికి పది గంటలు, వెనక్కి రావడానికి అరగంట ఇస్తారు. ట్రాక్ మీద లెక్క తారుమారవుతుంది. హెచ్ ట్రాక్‌లో రెండు నిలువు బాటలు, వాటిని కలిపే అడ్డబాట ఉంటాయి. ఒక బాటలోకి ముందుకు వెళ్లి, రివర్స్‌లో మలుపు తిరిగి రెండో బాటలోకి చేరాలి. ఏ బాట నుంచి మొదలు, ఎటు బయటికి అన్నది ట్రాకును బట్టి మారుతుంది కాబట్టి మీ ముందు రెండు కార్లు ఎలా వెళ్తున్నాయో గమనించండి.

సూత్రం ఒక్కటే. రివర్స్‌లో స్టీరింగ్ ఎటు తిప్పితే కారు వెనక భాగం అటే వెళ్తుంది. అదే సమయంలో ముందు భాగం ఎదురువైపుకు ఊగుతుంది. అందరూ వెనకే చూస్తారు, ముందు బంపరు మూల వెళ్లి పక్క రాడ్‌ను తాకుతుంది. మలుపు దగ్గర వెనక చక్రం మూలకు సమంగా వచ్చేదాకా తిప్పకూడదు. తొందరపడి ముందే తిప్పితే లోపలివైపు వెనక చక్రం మూల మీదికెక్కుతుంది. ఆలస్యం చేస్తే వెనక బంపరు అవతలి గట్టును తగులుతుంది. మలుపు పూర్తవుతుండగా స్టీరింగ్ విప్పడం మొదలుపెట్టాలి, పూర్తయ్యాక కాదు. వేగం మొత్తం హాఫ్ క్లచ్‌తోనే, యాక్సిలరేటర్ జోలికి పోవద్దు. కారు మనిషి నడకకన్నా నెమ్మదిగా కదులుతుంటే పొరపాటు దిద్దుకోవడానికి సమయం దొరుకుతుంది.

ఇంటి దగ్గర సాధనకు ఆరేడు నీళ్ల సీసాలు నింపి పెట్టుకుంటే చాలు. తిన్నగా వెనక్కి రావడానికి కారు వెడల్పుకు అటో అడుగు ఇటో అడుగు వదిలి రెండు వరసలు పెట్టండి. మలుపు ఉన్న బాట మాత్రం మొదట రెండు కార్ల వెడల్పుతో మొదలుపెట్టి, సీసా పడకుండా వస్తున్నకొద్దీ దగ్గరికి జరపండి. ఎడమ సైడ్ మిర్రర్‌ను కొంచెం కిందికి దించితే వెనక చక్రం, గీత రెండూ కనబడతాయి. రివర్స్ కెమెరా మీద ఆధారపడటం అలవాటు చేసుకోకండి. టెస్టుకు తెచ్చే స్కూలు కారులో అది ఉండకపోవచ్చు.

ఎత్తు మీద ఆపి కదిలించడం మూడోది. నియమంలో రాసింది ఒక్క మాటే: బండి వెనక్కి జారకూడదు. హ్యాండ్ బ్రేక్ లాగి ఆపండి. ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి, క్లచ్‌ను హాఫ్ దాకా తేండి. బానెట్ లేచాకే హ్యాండ్ బ్రేక్ వదలాలి. ఈ వరస తప్పితే ఒకటి బండి జారుతుంది, లేదా ఇంజిన్ ఆగుతుంది. జారితే భయపడి క్లచ్ మొత్తం తొక్కేస్తారు, దాంతో ఇంకా జారుతుంది. జారుతున్నప్పుడు తొక్కాల్సింది బ్రేకు.

బైకుకు ఎనిమిది అంకె ఆకారం. కాలు కింద పెట్టకుండా తిప్పాలి. ఫస్ట్ గేరులో యాక్సిలరేటర్ ఒకే తీరున పట్టుకుని, వేగాన్ని క్లచ్‌తోనూ వెనక బ్రేకుతోనూ అదుపు చేయాలి. మలుపులో ముందు బ్రేకు పట్టారంటే హ్యాండిల్ మడతపడి బండి పక్కకు వాలుతుంది. చూపు ముందు చక్రం మీద పెట్టుకుంటే కాలు తప్పకుండా కిందికి దిగుతుంది. తల తిప్పి, వెళ్లబోయే మలుపు చివరను చూడాలి. స్కూటరుకు క్లచ్ ఉండదు కనుక యాక్సిలరేటర్ సన్నగా ఇచ్చి ఉంచి, వెనక బ్రేకును తేలిగ్గా రాస్తూ తిప్పండి.

రోడ్డు మీద నడపడం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పక్కర్లేదు, పక్కన కూర్చున్నవారు చెబుతారు. ఒక్క వరస మాత్రం చేతికి ఎక్కాలి: అద్దం చూడటం, ఇండికేటర్, మళ్లీ అద్దం, ఆ తర్వాతే మలుపు.

టెస్టు రోజు

స్లాటు కాగితం, ఎల్ఎల్ఆర్, ఆధార్, బండి ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. చివరి రెండింటి తేదీలు ముందురోజే చూసుకోండి. బండి కాగితాల గడువు తీరిందని గేటు దగ్గరే వెనక్కి పంపడం మామూలే, మీ స్లాటు మాత్రం పోతుంది. ఎల్ బోర్డు, హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు, రెండు సైడ్ మిర్రర్లు సరిగా ఉండాలి. బైకుకు హెల్మెట్. బండిని అక్కడిదాకా మీరే నడుపుకుంటూ వెళ్తే పక్కన లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. స్కూలు కారుతో టెస్టుకు వెళ్తే కనీసం ముందురోజైనా అదే కారు నడపండి. క్లచ్ పట్టే చోటు ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది.

టెస్టులో ఏం చూడాలో 15వ నియమం వరసగా చెబుతుంది. ఆ వరసలో మొదటిదే వెనక అద్దం సర్దుకోవడం. అందుకే సీట్లో కూర్చోగానే తాళం తిప్పకండి. సీటు జరుపుకోవడం, అద్దాలు సర్దడం, బెల్టు పెట్టుకోవడం, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో కదిపి చూడటం, అప్పుడు స్టార్ట్. ఇన్‌స్పెక్టరు పక్కనున్నా, కెమెరాలు, సెన్సార్లు పెట్టిన ట్రాకైనా, అలవాటు ఇదే ఉండాలి. సెన్సార్ ట్రాక్‌లో బతిమాలుకోవడం కుదరదు. గీత తాకినా, రాడ్ తగిలినా నమోదైపోతుంది.

ఫెయిలయ్యే కారణాలు పెద్దవేం కావు. బెల్టు మరిచిపోవడం, ఇండికేటర్ వేయకుండా తిరగడం, ఎత్తు మీద జారడం, రివర్స్‌లో రాడ్ తగలడం, ఎనిమిది మీద కాలు దించడం. ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత, ఆ లోపు డ్రైవింగ్ స్కూల్లో మళ్లీ శిక్షణ కూడా పూర్తిచేయాలి. ఇలా వారాలు పోతుంటాయి కాబట్టి మొదటి స్లాటును ఎల్ఎల్ఆర్ వచ్చిన రెండో నెలలోనే పెట్టుకోండి, ఐదో నెల దాకా లాగొద్దు.

ట్రాక్ టెస్టు లేకుండా వెళ్లే దారి కూడా ఒకటుంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన అక్రెడిటెడ్ డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లో కారు కోర్సు పూర్తిచేసి, అక్కడి పరీక్ష పాసైతే రవాణా శాఖ (ఆర్టీఏ) టెస్టు అక్కర్లేదు. 2021 జూలై 1 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. కోర్సు నాలుగు వారాల్లోపు 29 గంటలు: 8 గంటల పాఠాలు, 21 గంటల డ్రైవింగ్. వీధి చివర స్కూలు ఇచ్చే సర్టిఫికెట్‌కు ఈ వెసులుబాటు లేదు, బోర్డు మీద ఏం రాసినా సరే. డబ్బు కట్టే ముందు గుర్తింపు పత్రం అడిగి చూడండి.

పాసయ్యాక

కార్డు వచ్చేలోపు ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో మీ లైసెన్సు కనబడుతుంది. తనిఖీలో అది చూపిస్తే ఒప్పుకోవాలి. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫొటోకు ఆ విలువ లేదు.

గడువు వయసును బట్టి ఉంటుంది. 30 ఏళ్లలోపు తీసుకుంటే 40 నిండేదాకా, 30 నుంచి 50 లోపు అయితే పదేళ్లు, 50 నుంచి 55 లోపు అయితే 60 వచ్చేదాకా, ఆపైన ఐదేళ్లకోసారి. రెన్యువల్‌కు గడువుకు ఏడాది ముందు నుంచి ఏడాది తర్వాత దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు తీరాక ఏడాది దాటిందంటే మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వాల్సిందే. ఏడాది సమయముంది కదా అని ఆ మధ్యలో బండి నడపొచ్చనుకోకండి. తేదీ దాటిన లైసెన్సు జేబులో ఉన్నా చట్టం దృష్టిలో లైసెన్సు లేనట్టే, దానికి చట్టంలో రాసిన జరిమానా 5,000 రూపాయలు.